వేవిళ్ళు అనే చిన్న మాట

తెలుగు సినిమాలో హీరోయిన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వాష్‌బేసిన్ వైపు పరిగెత్తిందంటే హాల్లో అందరికీ విషయం అర్థమైపోతుంది. డాక్టరమ్మ నాడి పట్టుకుని నవ్వుతుంది, అత్తగారు దేవుడి పటానికి దండం పెడుతుంది, తర్వాతి సీన్లో పచ్చి మామిడికాయ ముక్కలు, ఒక పాట. పాట అయ్యేసరికి ఏడో నెల. వాంతి మాత్రం ఒక్కటే. రెండోది ఎవరూ తియ్యరు.

2022 వేసవిలో మా ఇంట్లో రోజుకి ఇరవై దాకా అయ్యేవి. లెక్క ఎలా తెలుసంటే, నేను రాసిపెట్టాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కదా, ఏం చెయ్యాలో తోచనప్పుడు స్ప్రెడ్‌షీట్ తెరవడం అలవాటు. ఎన్నింటికి, తాగిందెంత, కడుపులో నిలిచిందెంత, బరువెంత. ఆరో వారంలో మొదలైంది. పదో వారానికి 58 కిలోల మనిషి 51కి వచ్చింది. పక్క ఫ్లాట్‌లో పోపు పెడితే మా ఇంట్లో వాంతి. మంచినీళ్ళకి కూడా వాసన ఉంటుందని తను చెప్పేదాకా నాకు తెలీదు. నోట్లో ఊరే ఉమ్మి మింగలేక పక్కన ఒక స్టీలు గ్లాసు పెట్టుకునేది. మంచం కింద ఎప్పుడూ ఒక నీలం ప్లాస్టిక్ టబ్బు ఉండేది. ఆ టబ్బు సంగతి మళ్ళీ వస్తుంది.

తెనాలి నుంచి అమ్మ ఫోన్లో, "వేవిళ్ళేగా. మేం కనలేదంట్రా?" అంది. మేం వెళ్ళిన మొదటి ఆసుపత్రిలో మూత్ర పరీక్ష చేసి, కీటోన్లు పెద్దగా లేవు కాబట్టి భయపడాల్సిందేమీ లేదనీ, కొంచెం కొంచెంగా తినమనీ చెప్పి పంపేశారు. ఇక నేనేమన్నానో కూడా రాయాలి. ఒక రాత్రి రెండింటికి, నిద్ర చాలని విసుగులో, "అందరికీ ఉండేదే కదా, కాస్త మనసు వేరే దాని మీద పెట్టి చూడు" అన్నాను. తను జవాబు చెప్పలేదు. టబ్బు దగ్గరికి లాక్కుని అటు తిరిగి పడుకుంది.

మనసు వేరే దాని మీద పెట్టడం. నేనెప్పుడూ వైద్యం చదవలేదు, గర్భం గురించి నాకేమీ తెలీదు. అయినా ఆ మాట ఎంతో అనుభవం ఉన్నవాడిలా నా నోట్లోంచి వచ్చేసింది. అదెక్కడ పుట్టి, ఎలా తిరిగి నా దాకా వచ్చిందో వెతుకుతూ పోతే దానికి పెద్ద చరిత్రే ఉంది.

*

ముందు మాట దగ్గర మొదలుపెడతాను. మనకి వేవిళ్ళు అని ఒకే మాట ఉంది. పొద్దున్నే కాస్త వికారంగా ఉండి కాఫీ సయించకపోయినా వేవిళ్ళే, నెలరోజులు మంచం దిగలేకపోయినా వేవిళ్ళే. గర్భిణుల్లో 70 నుంచి 80 శాతం మందికి ఎంతో కొంత వికారం, వాంతులు ఉంటాయి. నూటికి ముగ్గురికో, అంతకన్నా తక్కువ మందికో మాత్రం అది వేరే జబ్బుగా మారుతుంది. దానికి డాక్టర్లు పెట్టిన పేరు హైపరెమెసిస్ గ్రావిడారమ్. ఇంగ్లీషులో కూడా జనం దాన్ని మార్నింగ్ సిక్‌నెస్ కిందే జమకడతారు కాబట్టి, తెలుగుకి పదాలు లేవని బాధపడటానికేమీ లేదు. తుమ్ముకీ న్యుమోనియాకీ ఒకే పేరు ఉంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. న్యుమోనియా వచ్చినవాడితో పక్కవాడు, "నాకూ వచ్చింది, శొంఠి కాఫీ తాగితే పోయింది" అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. అమ్మా చెప్పలేదు.

మన పాత సాహిత్యం గర్భిణి శరీరాన్ని బాగానే గమనించింది. రఘువంశం మూడో సర్గలో సుదక్షిణ మన్ను తింటుంది, దిలీపుడు ఆ మట్టి వాసన చూసి మురిసిపోతాడు. ఆయుర్వేదంలో గర్భిణిని దౌహృదిని అన్నారు, అంటే రెండు హృదయాలున్నది. ఆమె కోరికలు నిజానికి కడుపులో బిడ్డవి కూడా, తీర్చకపోతే బిడ్డకి కీడు అని చరకుడూ సుశ్రుతుడూ చెప్పారు. చింతకాయ అడిగితే ఊరంతా తిరిగైనా తెచ్చిపెట్టే మన ఆచారం వెనకాల ఉన్నది ఈ ఆలోచనే. అందులో ప్రేమ ఉంది, కాదనను. కానీ ఆ ప్రేమంతా ఆమె ఏదో ఒకటి కోరుకున్నప్పుడే పనికొస్తుంది. నా భార్యకి ఏ కోరికా లేదు. ఏదీ వద్దు. ఏమీ వద్దనే గర్భిణికి ఏం చెయ్యాలో ఆ సంప్రదాయంలో నాకు దొరకలేదు.

*

రెండో ఆసుపత్రిలో చేర్చుకుని సెలైన్ ఎక్కించారు. మూడు రాత్రులు ఆ కుర్చీలో కూర్చుని ఫోన్లో చదువుతుంటే షార్లెట్ బ్రాంటీ ఎదురైంది. జేన్ ఐర్ రాసిన షార్లెట్టే. క్షయతో పోయిందని కాలేజీ రోజుల్లో ఎక్కడో చదివిన గుర్తు. మరణ ధ్రువపత్రంలోనూ అదే ఉంది.

షార్లెట్ 1854 జూన్ 29న, 38 ఏళ్ళ వయసులో, తండ్రి దగ్గర సహాయ పాస్టరుగా పనిచేసే ఆర్థర్ బెల్ నికల్స్‌ని పెళ్ళి చేసుకుంది. తండ్రి మొదట ససేమిరా అన్నాడు, తర్వాత ఒప్పుకున్నాడు. అప్పటికే ఆ ఇంట్లో ఆరుగురు పిల్లల్లో ఐదుగురు పోయారు. చివరి ముగ్గురు, బ్రాన్‌వెల్, ఎమిలీ, ఆన్, 1848 సెప్టెంబరుకీ 1849 మే నెలకీ మధ్య తొమ్మిది నెలల్లోపే వెళ్ళిపోయారు. కాబట్టి ఇంటికి మిగిలింది ఈమె ఒక్కతే. పెళ్ళి తర్వాత ఆర్నెల్లు ఆమె సంతోషంగానే ఉంది. 1855 జనవరిలో వికారం మొదలైంది. తిండి చూస్తే చాలు, కడుపులో తిప్పేది. బ్రాడ్‌ఫర్డ్ నుంచి పెద్ద డాక్టరు వచ్చి చూసి, ఇది సహజ కారణం వల్ల వచ్చిందే, కొంతకాలం ఓపిక పడితే తగ్గుతుందని చెప్పి వెళ్ళాడు.

సహజ కారణం. అమ్మ అన్నదానికి ఇంగ్లీషు అనువాదంలా వినిపించింది నాకు.

తగ్గలేదు. పనిమనిషి మార్తా పుట్టబోయే బిడ్డ గురించి చెప్పి ఉత్సాహపరచడానికి చూసేదట. షార్లెట్‌కి అది వినే ఓపిక కూడా ఉండేది కాదు. ఉత్తరాలు మంచంలోనే పెన్సిల్‌తో రాసేది, రెండు మూడు వాక్యాలు. ఫిబ్రవరిలో, చిన్నప్పట్నుంచీ ఆ ఇంట్లో ఉన్న ముసలి పనిమనిషి ట్యాబీ చనిపోయింది. అదే రోజుల్లో షార్లెట్ తన వీలునామా రాసింది. మార్చి మధ్యలో ఉన్నట్టుండి ఆకలి మొదలైంది, తిండి పెట్టమని అడిగింది. అప్పటికే ఆలస్యమైపోయింది. మార్చి 31, శనివారం తెల్లవారకముందే పోయింది. ఇంకో మూడు వారాలైతే 39 నిండేవి.

ఆమె జీవితచరిత్ర రాసిన ఎలిజబెత్ గాస్కెల్‌కి గర్భం సంగతి తర్వాత తెలిసింది. హావర్త్‌లో కాగితాలు అమ్మే జాన్ గ్రీన్‌వుడ్ ఉత్తరాలు రాస్తే తెలిసింది. తను ముందే వెళ్ళి ఉంటే, ఇంట్లోవాళ్ళు మొదట కోప్పడినా సరే, ఆమె ప్రాణం నిలవడానికి చెయ్యాల్సిన పని చెయ్యమని ఒప్పించగలిగేదాన్నేమో అని గాస్కెల్ ఒక ఉత్తరంలో బాధపడింది. ఏం పనో పేరు పెట్టి రాయలేదు. విక్టోరియన్ ఆడవాళ్ళు ఇలాంటివి పేరు పెట్టకుండానే మాట్లాడుకునేవారు. గర్భం తీయించడం గురించేనని చాలామంది చదువుతారు, నేనూ అలాగే చదివాను. 1972లో ఫిలిప్ రోడ్స్ అనే ప్రసూతి వైద్య ప్రొఫెసర్ ఆ కుటుంబం జబ్బుల్ని మళ్ళీ పరిశీలించి, షార్లెట్ పోయింది క్షయతో కాదు, హైపరెమెసిస్‌తో అని వాదించాడు. ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. క్షయ, వాంతులు రెండూ కలిసి ఉండొచ్చు కూడా. 170 ఏళ్ళ తర్వాత ఖాయంగా తేలే సంగతి కాదు. ఆ రాత్రి ఆసుపత్రిలో మాత్రం, ఎదురుగా సెలైన్ చుక్క చుక్కగా దిగుతుంటే, నాకు ఏ అనుమానమూ కలగలేదు.

ఆమె ఒక్కతే కూడా కాదు. 1852లో పారిస్‌లో పాల్ దుబ్వా అనే పేరుమోసిన ప్రసూతి వైద్యుడు 13 ఏళ్ళలో ఈ వాంతుల వల్ల 20 మరణాలు చూశానని అక్కడి వైద్య అకాడమీకి చెప్పాడు. తల్లి ప్రాణం కోసం గర్భం తీసెయ్యొచ్చా లేదా అని అప్పటి డాక్టర్లు గట్టిగానే వాదించుకున్నారు. అంటే షార్లెట్ బతికున్న రోజుల్లోనే ఇది చంపే జబ్బని తెలిసినవాళ్ళకి తెలుసు.

*

నన్ను తికమక పెట్టింది ఆ తర్వాత జరిగిన కథ. చంపగల జబ్బని తెలిశాక వైద్యం దాని మీద ఇంకా శ్రద్ధ పెట్టి ఉంటుందనుకున్నాను. పెట్టింది, కానీ చూపు కడుపు మీంచి తల మీదకి మళ్ళింది. 1890 ప్రాంతాల్లో కాల్టెన్‌బాక్ అనే జర్మన్ ప్రసూతి వైద్యుడు, ఇది హిస్టీరియాకి దగ్గరగా ఉండే నరాల జబ్బు అన్నాడు. హిస్టీరియా అనే మాట పుట్టిందే గర్భాశయానికి గ్రీకులో ఉన్న పేరులోంచి, కాబట్టి ఆ సిద్ధాంతం చాలామందికి చక్కగా అతికినట్టు అనిపించి ఉంటుంది. 20వ శతాబ్దంలో మనోవిశ్లేషణ వచ్చాక దానికి ఇంకొంచెం నగిషీ చెక్కారు. వాంతి చేసుకునే స్త్రీ నిజానికి బిడ్డని వద్దంటోందట, లేదా భర్తని వద్దంటోందట, లేదా తన స్త్రీత్వాన్నే కక్కేస్తోందట.

జబ్బు మనసులో ఉంటే మందు కూడా మనసుకే వెయ్యాలి. గదిలో ఒంటరిగా ఉంచేవాళ్ళు. చూడటానికి ఎవరినీ రానిచ్చేవాళ్ళు కాదు. 1934లో హారొల్డ్ అట్లీ అనే కెనడా ప్రొఫెసర్ ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో తన పద్ధతిని వివరించాడు. అందులో ఒక అంశం, రోగికి వాంతి గిన్నె ఇవ్వకపోవడం. కావాలంటే పక్కమీదే చేసుకోమని ఆమెకి చెప్పాలి, నర్సు కూడా పక్కబట్టలు మార్చడానికి తొందరపడదని తెలియజెయ్యాలి.

నేనిది చదివింది పాప పుట్టాక, ఒక ఆదివారం మధ్యాహ్నం. లాప్‌టాప్ మూసేసి బాల్కనీలోకి వెళ్ళాను. అక్కడ మా నీలం టబ్బులో పాప బట్టలు నానబెట్టి ఉన్నాయి.

అట్లీని రాక్షసుడని తిట్టడం తేలిక. ఆయన తన తర్కానికి కట్టుబడ్డాడు, అంతే. మా వృత్తిలో ఒక పాత జోకుంది. యూజర్ ఏదో పాడైందని చెప్తే ప్రోగ్రామరు, "నా మెషీన్లో బాగానే పనిచేస్తోంది" అని టికెట్ మూసేస్తాడు. అంటే తప్పు వాడేవాళ్ళలో ఉంది. నేను అలా మూసిన టికెట్లు చాలానే ఉన్నాయి. కారణం దొరకని జబ్బుకి రోగినే కారణం చెయ్యడం అంతకన్నా పెద్ద తేడా ఉన్న పనేం కాదు. రాత్రి రెండింటికి నేనిచ్చిన సలహా అట్లీ వైద్యానికి బాగా పలచబడిన రూపం.

ఈలోగా ఇంకో పక్క సెలైన్, గ్లూకోజ్ నేరుగా నరంలోకి ఎక్కించడం మామూలు సంగతైంది. దాని ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. బ్రిటన్‌లో 1931-40 మధ్య పది లక్షల కాన్పులకి 159 మంది తల్లులు ఈ వాంతుల వల్ల చనిపోయేవారు. 1951-60కి వచ్చేసరికి ఆ సంఖ్య 3. ఎవరి మనసూ మార్చకుండానే, ఉప్పునీళ్ళు ఎక్కించి బతికించారు. ఆ ఒక్క అంకెతో హిస్టీరియా సిద్ధాంతం మూలపడి ఉండాల్సింది. పడలేదు. నాకనిపించేదేమిటంటే, చనిపోవడం ఆగిపోయాక నమ్మకపోవడం ఇంకా సులువైంది. షార్లెట్ బాధకి ఒక సమాధి సాక్ష్యం ఉంది. సెలైన్ ఎక్కించుకుని మూడో రోజు ఇంటికొచ్చినామెకి ఏం సాక్ష్యం ఉంటుంది?

*

మందుల కథ మీకు కొంత తెలిసే ఉంటుంది కాబట్టి తొందరగా చెప్పేస్తాను. 1957 అక్టోబరులో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ మార్కెట్‌లోకి వచ్చింది. నిద్రమాత్ర అన్నారు, గర్భిణుల వికారానికీ ఇచ్చారు. 1961 నవంబరులో వెనక్కి తీసుకునే లోపు ఎన్నో దేశాల్లో కలిపి పదివేల మందికి పైగా పిల్లలు చేతులూ కాళ్ళూ సరిగా ఎదగకుండా పుట్టారు. అమెరికాలో ఫ్రాన్సిస్ కెల్సీ అనే అధికారిణి ఆధారాలు చాలవని అనుమతి ఇవ్వకుండా ఆపింది. ఆ భయం ఇప్పటికీ మన ఇళ్ళలో ఉంది. "కడుపుతో ఉన్నప్పుడు మందులేంటి?" అన్న మాట వెనకాల థాలిడోమైడ్ పేరు తెలియనివాళ్ళ గొంతులో కూడా అదే భయం పలుకుతుంది.

అంతగా తెలియని కథ బెండెక్టిన్‌ది. 1956 నుంచి అమెరికాలో అమ్మిన వికారం మందు, కోట్లమంది వాడారు. అదీ అవకరాలు తెస్తుందని వరసగా కేసులు పడ్డాయి. అధ్యయనాల్లో అలాంటి హాని తేలలేదు. అయినా కోర్టు ఖర్చులు భరించలేక 1983లో కంపెనీ దాన్ని ఆపేసింది. ఆ తర్వాత అక్కడ గర్భిణులు వాంతులతో ఆసుపత్రిలో చేరడం పెరిగింది. అందులో ఒక కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళి, 1993లో సైన్సు సాక్ష్యాన్ని కోర్టులు ఎలా తూచాలో చెప్పే తీర్పైంది. డాబర్ట్ తీర్పు అంటే లా చదివినవాళ్ళకి తెలుస్తుంది. 2013లో అదే రెండు పదార్థాలతో, డాక్సిలమీన్, బి6 విటమిన్‌తో, మందు కొత్త పేరుతో అమెరికాలోకి తిరిగొచ్చింది. అంటే ముప్ఫై ఏళ్ళు. మన దగ్గర అదే జోడీ డాక్సినేట్ పేరుతో వీధి చివర మెడికల్ షాపులో దొరుకుతుంది. నా భార్య వాడింది. ఆమెకి అదొక్కటే చాలలేదు, అది వేరే సంగతి.

*

2023 డిసెంబరులో, మా పాప మొదటి పుట్టినరోజుకి కొంచెం ముందు, నేచర్ పత్రికలో ఒక పేపరు వచ్చింది. దాన్ని రాసినవాళ్ళలో మార్లీనా ఫెజో అనే అమెరికన్ జన్యు శాస్త్రవేత్త ఒకరు. ఆమెకి 1999లో రెండో గర్భంలో ఈ జబ్బు వచ్చింది. కదలలేని స్థితికి చేరింది, 15వ వారంలో గర్భం పోయింది. దృష్టి తన మీద పడాలని అతి చేస్తోందన్నట్టు ఆమె డాక్టరు మాట్లాడాడు. ఆమె తర్వాతి ఇరవై ఏళ్ళు ఈ ఒక్క ప్రశ్న మీదే పెట్టింది. సరైన నిధులు దొరక్క, జన్యు పరీక్షలు చేసే ఒక ప్రైవేటు కంపెనీని తమ కస్టమర్లని వాంతుల గురించి కూడా అడగమని కోరింది. అలా వచ్చిన సమాచారంతో 2018లో జీడీఎఫ్15 అనే జన్యువు వైపు వేలు చూపించగలిగింది.

2023 పేపరు దాని పనితీరు చెప్పింది. కేంబ్రిడ్జ్‌లో స్టీఫెన్ ఓరాహిలీ బృందంతో కలిసి చేసిన పని అది. జీడీఎఫ్15 ఒక హార్మోను. గర్భం వచ్చాక బిడ్డ వైపునుంచి, మాయలోంచి, తల్లి రక్తంలోకి విపరీతంగా వస్తుంది. మెదడు వెనక భాగంలో వికారం పుట్టించే చోట దాన్ని అందుకునే గ్రాహకం ఉంది. గర్భానికి ముందు ఒంట్లో ఈ హార్మోను తక్కువగా ఉన్న స్త్రీకి ఆ ఉప్పెన కొత్త, ఆమె ఎక్కువ కుదేలవుతుంది. బీటా థాలసీమియా ఉన్నవాళ్ళ ఒంట్లో ఇది ఎప్పుడూ ఎక్కువే, వాళ్ళకి గర్భంలో వికారం బాగా తక్కువ. అంటే ముందునుంచి అలవాటున్న మెదడు తట్టుకుంటుంది. జబ్బుకి ఇదొక్కటే కారణమని ఎవరూ అనడం లేదు, ప్రధాన కారణం మాత్రం ఇదేనని ఆ పేపరు వాదన.

దాన్ని నా భార్యకి చదివి వినిపించాను. తను పాపకి అన్నం పెడుతోంది. అంతా విని, "అయితే నేను కాదన్నమాట" అంది. అంతే. ఏడాదిన్నరపాటు తను లోపల నన్నూ, డాక్టర్నీ, మా అమ్మనీ సగం నమ్ముతూనే ఉందని నాకు అప్పుడు తెలిసింది.

*

ఇక్కడిదాకా రాసి ఆపెయ్యొచ్చు. కానీ ఆమె ఈ వ్యాసం చిత్తుప్రతి చదివి, అసలు సంగతి వదిలేశావంది.

20వ వారం దాటాక వాంతులు తగ్గాయి. రోజుకి ఒకటో రెండో. తినగలుగుతోంది, బరువు పెరుగుతోంది. ఇంట్లో అందరం గండం గడిచిందనుకున్నాం. ఏడో నెలలో సీమంతం చేశాం. చేతుల నిండా గాజులు, ఆకుపచ్చ చీర, ఫోటోల్లో నవ్వు. నా స్ప్రెడ్‌షీట్ కూడా మూసేశాను. టికెట్ క్లోజ్డ్.

ఆ నెలల్లోనే తను మాట్లాడటం తగ్గించేసింది. బిడ్డ పేర్ల గురించి అడిగితే "నీ ఇష్టం" అనేది. రాత్రిళ్ళు మెలకువగా ఉండేది. టబ్బు అవసరం లేకపోయినా మంచం కిందనుంచి తియ్యనిచ్చేది కాదు. అలసట అనుకున్నాను. కాన్పు భయం అనుకున్నాను. పుట్టింటికి వెళ్తే సర్దుకుంటుందని అత్తయ్య అంది.

ఎనిమిదో నెలలో ఒక రాత్రి, ఎక్కడో చదివి, ఎడిన్‌బరా ప్రశ్నావళి డౌన్‌లోడ్ చేశాను. 1987లో బాలింతల దిగులుని గుర్తించడానికి తయారుచేశారు, ఇప్పుడు గర్భిణులకీ వాడతారు. పది ప్రశ్నలు, నాలుగేసి జవాబులు, ఐదు నిమిషాల పని. తను మాట్లాడకుండా టిక్కులు పెడుతూ పోయింది. పదో ప్రశ్న తనకి తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. అక్కడ పెన్ను ఆగింది. తర్వాత "అప్పుడప్పుడూ" మీద టిక్కు పెట్టింది.

ఈ వాక్యం ఉంచాలా తీసెయ్యాలా అని అడిగాను. ఉంచమంది.

మర్నాడే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళాం. "కడుపుతో ఉన్నదాన్ని పిచ్చి డాక్టరు దగ్గరికా" అని ఇంట్లో ఒక రోజంతా గొడవ. ఆ డాక్టరు పెద్దగా ఏమీ అనలేదు. వాంతులు ఎన్ని వారాలున్నాయి, ఎంత బరువు పోయింది, ఆ రోజుల్లో మీతో ఎవరు ఉన్నారు అని అడిగింది. అన్ని నెలల్లో ఎవరైనా ఆ రెండు విషయాల్నీ కలిపి అడగడం అదే మొదటిసారి. చికిత్స మొదలైంది. కాన్పు నాటికి పూర్తిగా తేరుకోలేదు. పాప పుట్టిన నాలుగైదు నెలలకి మెల్లగా తేలికపడింది.

తర్వాత చదివినవి ఆ రెండిటికీ ఉన్న సంబంధాన్నే చూపించాయి. లండన్‌లో సుమారు 200 మంది గర్భిణుల మీద చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ జబ్బున్నవాళ్ళలో 49 శాతం మందికి గర్భంతో ఉండగానే డిప్రెషన్ కనిపించింది. జబ్బు లేనివాళ్ళలో 6 శాతం. కాన్పు తర్వాత 29 శాతం, 7 శాతం. నార్వేలో పెద్ద ఎత్తున జరిగిన పరిశీలనలో ఆ మానసిక బాధ 30వ వారంలోనూ, కాన్పైన ఆర్నెల్లకీ ఎక్కువగానే ఉంది. ఏడాదిన్నరకి తేడా పోయింది. అదే నార్వే సమాచారంతో 2017లో వచ్చిన ఇంకో పేపరు, హైపరెమెసిస్ వచ్చినవాళ్ళలో అత్యధికులకి అంతకు ముందు డిప్రెషన్ అన్నదే లేదని చెప్పింది. కాల్టెన్‌బాక్ నుంచి అట్లీ దాకా, అక్కణ్ణుంచి నా దాకా, అందరం బాణం గుర్తు తిరగేసి గీశాం. దిగులు వల్ల వాంతులని. మూణ్ణెల్లు తిండీ నిద్రా లేక, నువ్వు చెప్పేది నిజం కాదని వింటూ పడుకున్న మనిషి దిగులు పడకపోతే కదా ఆశ్చర్యపోవాలి. ఆ దిగులు వాంతులతోపాటే రావచ్చు, వాంతులు తగ్గి ఇల్లంతా ఊపిరి పీల్చుకున్నాక కూడా ఉండిపోవచ్చు. అందుకే సీమంతం ఫోటోల్లో పడదు.

ఇప్పుడు కొన్ని మారాయి. 2021లో వివిధ దేశాల వైద్యులూ రోగులూ కలిసి ఈ జబ్బుకి కొత్త నిర్వచనం రాసుకున్నారు. మామూలుగా తినలేకపోవడం, తాగలేకపోవడం, రోజువారీ పనులు చేసుకోలేకపోవడం అందులో ముఖ్యమైన కొలతలు. అంటే ఆమె చెప్పేదే కొలత. బ్రిటన్ ప్రసూతి వైద్యుల సంస్థ 2024లో సవరించిన మార్గదర్శకాల్లో, మూత్రంలో కీటోన్లు చూసి తీవ్రత తేల్చొద్దని ఉంది. గర్భంలోనూ, కాన్పు తర్వాతా మానసిక స్థితిని కనుక్కోవాలని కూడా ఉంది. మా మొదటి ఆసుపత్రిలో ఆ కాగితం పటం కట్టించి వేలాడదీద్దామా అని నేనంటే, నా భార్య నవ్వింది.

అమ్మతో కూడా మాట్లాడాను. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఈ హార్మోను కథంతా చెప్పాను. అమ్మ జంతికలు వత్తుతూ విని, చాలాసేపటికి, "మా చిన్నక్క అలాగే పోయిందిరా, ఐదో నెలలో. దిష్టి తగిలిందన్నారు" అంది. నాకు చిన్నక్క పెద్దమ్మ ఉండేదని తెలుసు. ఎలా పోయిందో ఎప్పుడూ అడగలేదు. పేరూ, పోయిన ఏడూ అడిగి రాసుకున్నాను. ఇంకేం రాసుకోవాలో తెలీలేదు.

వ్యాసం పూర్తయ్యాక నా భార్య ఇంకోసారి చదివింది. ఒక వాక్యం కొట్టేసింది, అది ఏదో చెప్పను. తర్వాత అట్లీ ఉన్న పేజీకి మళ్ళీ వెళ్ళి అక్కడే చాలాసేపు ఆగింది.

"ఆ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సులుంటారు కదా" అంది. "డాక్టరు వెళ్ళిపోయాక."

"ఉంటారు."

"ఎవరో ఒకరు గిన్నె ఇచ్చే ఉంటారులే."